నేలరాలిన నూలుపోగు

తెలుగులో "పోగు" అను మాట చిత్రమైనది. రాట్నముపై వడికిన సన్నని నూలు పోగు. కళ్ళములో చేర్చిన ధాన్యపు రాశి కూడ పోగే. ఒంటరిగా నున్నప్పుడు కంటికి ఆననిదానికిని, కూడినప్పుడు కుప్పయైనదానికిని తెలుగువారు ఒకే పేరు పెట్టిరి. రెండు మాటలును వేర్వేరు మూలములనుండి వచ్చి ఒకచో కలిసినవని వాదించువారు వాదింతురు గాక. ఆ రెండర్థముల నడుమ దూరమెంత తక్కువయో తెలియుటకు నిఘంటువు తెరువనక్కరలేదు. పండుగకు నాలుగు నాళ్ళు ముందుగా కుట్టుపని సాగుచున్న గదిలోనికి తొంగిచూచిన చాలును. ఉదయము ఊడ్చిన నేలపై మధ్యాహ్నమునకు అచ్చటచ్చట ఎఱ్ఱని, పచ్చని పోగులు కనబడును. దీపాలవేళకు అవి మూలమూలల పోగులై కూర్చుండును.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో కుట్టుమిషను చప్పుడు వినబడని వీధి అరుదు. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోను, తెనాలి వేరొక జిల్లాలోను పడినవి గాని, రైలు వీనిని విడదీయలేదు. ఉదయము తెనాలిలో కొన్న దారపు ఉండ సాయంకాలమునకు రేపల్లెలో రవికె కుట్టుగా మారును. బట్టల కొట్ల అరుగులపై మిషను వేసికొని పనిచేయు దర్జీలు కొందరు. ఇంటి ముందుగదిలోనే రవికెలు, పరికిణీలు, పిల్లల గౌనులు కుట్టు స్త్రీలు చాలమంది. బడులు తెరచు జూను మాసమున వీరికి ఊపిరి సలుపదు. 2020లో ఆరంభమైన జగనన్న విద్యాకానుక పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు మూడేసి జతల యూనిఫారము బట్ట నిచ్చిరి. అట్టి బట్ట వచ్చిన వారములలో కుట్టుపని చేయు ఏ ఇంట చూచినను ఒకే రంగు పోగులు. బడిపిల్లవానికి ఆ రంగు తన చొక్కాపై మాత్రమే తెలియును. కుట్టిన తల్లికి అది చాప సందులలోను, చీపురు పుల్లల నడుమను, ఒక్కొక్కప్పుడు పప్పుగిన్నె అంచునను గూడ కనబడును.

ఈ పోగులు అజాగ్రత్త వలన పడునని చూచువారి అనుమానము. అది నిజము కాదు. మిషను కుట్టు రెండు దారములతో ఏర్పడును. ఒకటి సూది వెంట పైనుండి దిగును. రెండవది క్రింద బాబినులోనుండి పైకి వచ్చును. రెండును బట్ట నడుమ పెనవేసికొన్నప్పుడే కుట్టు నిలుచును. కుట్టు మొదలిడునప్పుడు రెండు కొసలను వ్రేలితో వెనుకకు లాగి పట్టవలెను. లేనిచో మిషను వానిని లోనికి మ్రింగి చిక్కు చేయును. కుట్టు ముగిసిన తరువాత బట్టను బయటికి తీయుటకు మరల కొంత దారము వదలవలెను. ఆ విధముగ ప్రతి కుట్టుకును మొదట రెండు, తుదిని రెండు, మొత్తము నాలుగు కొసలు తప్పవు. ఒక్కొక్కటి 3 అంగుళములనుకొందము. ఒక రవికెలో చిన్నవి, పెద్దవి కలిపి 15 కుట్లున్నచో 60 కొసలు. అనగా 180 అంగుళములు, 5 గజములు. దినమునకు 10 రవికెలు కుట్టు గదిలో 50 గజములు. ఏడాదికి 300 పనిదినములు లెక్కించినచో 15,000 గజములు, సుమారు 13.7 కిలోమీటర్లు. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలు శాఖామార్గము పొడవు సుమారు 34 కిలోమీటర్లు. రెండున్నర ఏండ్లలో ఒక్క గదిలో రాలిన కొసలను ముడివేసినచో ఆ పట్టాల వెంట ఈ చివరనుండి ఆ చివర వరకు పరవవచ్చునన్నమాట. లెక్కల ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయించి, కొసల పొడవును, కుట్ల సంఖ్యను మార్చి చూడవచ్చును. బట్ట అంచును కోయుచు కుట్టు ఓవర్‌లాకు మిషను రాల్చు నుసిని ఇందులో చేర్చలేదు; అది లెక్కకందదు.

దర్జీ గదికిని సాలెవాని ఇంటికిని ఇచ్చట ఒక భేదమున్నది. బాపట్లకు ప్రక్కనే యున్న చీరాల, వేటపాలెములు చేనేతకు పేరెన్నిక గన్నవి. అచ్చట గుంటమగ్గమున్న ఇంట నేలపై నూలు ఊరక పడియుండుట అరుదు. నూలు తూకమునకు కొన్న సొమ్ము. పడుగులో ఒక పోగు తెగినచో వెదకి పట్టి అతుకవలసినదే, లేకున్న బట్టపై గీత తేలును. పిల్లలు కండెలు చుట్టునాడే పోగు విలువ నేర్తురు. దర్జీకి దారము సాధనము, సాలెవానికి అదియే వస్తువు. దారపు ఉండ చవుక యైనకొలది దర్జీ ఇంట కొసలు పొడవగుచు వచ్చినవి. మూడంగుళములు చాలుచోట ఆరంగుళములు వదలుట చేతికి అలవాటైనది. పొడవైన కొస వదలుట వలన నష్టమేమని అడుగువారు చీపురు పట్టనివారై యుందురు.

పూర్వము ఈ నేలలు వేరు. పేడతో అలికిన మట్టినేల, తరువాత గచ్చు, పలనాటి నాపరాళ్ళు, ఎఱ్ఱరంగు సిమెంటు, ఇటీవల నున్నని పలకలు. వీనిలో వేనికిని పోగును పట్టి నిలుపు గుణము లేదు. తడిచేయి రాచిన పోగులన్నియు ముద్దయై చేతికి వచ్చును. అట్టి నేలపై గూడ పెద్దలు రెండు కట్టుబాట్లు పెట్టుకొనిరి. దీపములు పెట్టిన తరువాత సూదిని అమ్మరాదు, ఎరువీయరాదు. దీపములు పెట్టిన తరువాత ఇల్లూడ్చి చెత్తను బయట పోయరాదు. మూలకు చేర్చి ఉదయమున పారవేయవలెను. లక్ష్మి వెడలిపోవునని వారు చెప్పిన కారణము. ఆముదపు దీపపు వెలుతురున చేతినుండి జారిన సూది కానరాదు. ఊడ్చిన చెత్తలో ముక్కుపుడక శీల పోయినను తెలియదు. ఈ రెండాచారములను మూఢములని త్రోసివేయుట సులభమే. కాని కుట్టుపని జరుగు ఇంట అవి మంచి కార్యాలయ నియమములు. అచ్చుపుస్తకము లేని కాలమున నియమమును నిలుపుటకు లక్ష్మి పేరు అక్కరకు వచ్చినది.

తివాచీ వచ్చిన తరువాత చిక్కు మొదలైనది. ఈ పట్టణముల వారికి తివాచీ రెండు త్రోవల వచ్చినది. ఒకటి, పెండ్లి రవికెలకు మగ్గము వర్కు చేయు దుకాణములు. కొయ్యచట్రమునకు బట్టను బిగించి, కొక్కెము వంటి ఆరీ సూదితో జరీ, పూసలు, చమ్కీలు, కుందనములు కుట్టుట ఈ పని. గిరాకీ పెరిగినకొలది దుకాణమునకు చల్లదనపు యంత్రము, నిలువుటద్దము, వచ్చినవారు తొడిగి చూచుకొను గది, ఆ గదికి తివాచీ వచ్చి చేరినవి. రెండవ త్రోవ సముద్రము దాటినది. డాలసులోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన కూతురింటికి పురుటికి వెళ్ళిన తల్లికి అచ్చట గోడనుండి గోడ వరకు పరచిన తివాచీ ఎదురగును. చేయి ఊరకుండదు. ఒక చిన్న మిషను కొని పుట్టబోవు బిడ్డకు జుబ్బాలు, బొంతలు కుట్ట మొదలిడును. నాపరాళ్ళపై నలుబదియేండ్లు నడచిన పాదము, ఊడ్చిన చేయి అచ్చట మొదటిసారి ఓడిపోవును. చీపురు వేసినకొలది పోగు పైకి రాదు, లోనికి దిగును.

కారణము తివాచీ పుట్టుకలోనే యున్నది. జంపఖానా పడుగు పేకలతో చదునుగా నేసినది. దానిపై పడిన పోగు పైననే యుండును. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు ఈ జాతివి. ఏలూరు తివాచీల వంటివి వేరు. పడుగు పోగులకు ఉన్నిదారమును ముడివేసి, ముడి వేసిన వెంటనే కోసివేయుదురు. అట్లు కోసిన కొసలు లక్షలకొలది ప్రక్కప్రక్కన నిలిచి మెత్తని పైభాగమగును. అనగా తివాచీ యన్నది కోసిన దారపు కొసల అడవి. అందు దర్జీ కత్తెరనుండి రాలిన కొస పడినచో పరాయిచోట పడినట్లు కాదు, బంధువులలో కలిసినట్లు. పురి విడిన దారపు నూగు ఉన్ని నూగును పట్టుకొనును. దానిపై ఒక్క అడుగు పడినచో కుదురుకొనును, పది అడుగులు పడినచో దిగబడును. దారము, తివాచీ రెండును కృత్రిమపు పీచుతో చేసినవైనచో, గాలి పొడిగా నున్న దినములలో రాపిడి విద్యుత్తు తోడగును. తీరప్రాంతపు తేమగాలిలో ఈ బాధ తక్కువ గాని, ఆ తేమయే వేరొక కీడు తెచ్చును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు చేరువలో తీరము దాటినది. అట్టి వానల తరువాత నేలకు అంటించిన తివాచీ ఎండదు. దానిలో దిగిన నూగు, నుసి చెమ్మను పట్టి బూజునకు నెలవగును. సముద్రమునకు ఆరేడు మైళ్ళలో నున్న ఊళ్ళలో కుట్టుగదికి గోడనుండి గోడకు తివాచీ పరచుట వివేకము కాదు. ఎత్తి ఎండలో వేయదగిన చిన్న తివాచీ యైనచో సరే.

విశేషమేమనగా, ఈ గోడనుండి గోడ వరకు పరచు తివాచీ పరిశ్రమ సైతము ఒక స్త్రీ సూదినుండియే పుట్టినది. అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి డాల్టను పట్టణమున కేథరీన్ ఎవాన్స్ అను యువతి 1895లో ఒక దుప్పటిపై లావుపాటి దారముతో కుచ్చులు కుట్టి, కొసలు కోసి, ఉతికి, అవి విచ్చుకొని నిలుచునట్లు చేసినది. ఇరుగుపొరుగు అడిగి కుట్టించుకొనిరి. ఊరూర స్త్రీలు ఆ పని చేపట్టిరి. తరువాత కుచ్చులు కుట్టు యంత్రములు వచ్చినవి. దుప్పట్లు కుట్టిన ఆ యంత్రములే పెరిగి తివాచీలు కుట్టినవి. ఆ కుచ్చులలో నేడు తెనాలి తల్లి వదలిన కొస చిక్కుకొనుచున్నది.

చిక్కుకొన్న నేమి, కంటికి వికారముగా నుండును, అంతేగదా యనువారు కొన్ని సంగతులు తెలిసికొనవలెను. ప్రాకు వయసు బిడ్డలుండు ఇంట పొడవైన పోగు ప్రమాదము. పసిబిడ్డ కాలివ్రేలికి దారమో, వెండ్రుకయో చుట్టుకొని బిగిసినచో, వ్రేలు వాచును; వాచినకొలది దారము మరింత దిగి కానరాకుండ పోవును. రక్తప్రసారము ఆగి వ్రేలికే మోసము రావచ్చును. మేజోళ్ళ లోపలి దారపు కొసల వలన గూడ ఇట్లు జరుగును. వైద్యులు దీనిని బాగుగ ఎరుగుదురు. కారణము తెలియక గుక్కపట్టి ఏడ్చు బిడ్డకు పాలు, కడుపునొప్పి విచారించుటతోపాటు కాలివ్రేళ్ళు, చేతివ్రేళ్ళు విప్పి చూడుమని వారు చెప్పుదురు. ఇంట పిల్లి యున్నచో దారము దానికి ఆట, ఆట ముగియునప్పటికి ఆహారము. మ్రింగిన దారము దాని ప్రేగులను ముడిచివేయగలదు. దారము చివర సూది యున్నచో చెప్పనక్కరలేదు.

సూది మాట వేరుగా చెప్పవలెను. నున్నని నేలపై సూది పడినచో చప్పుడగును, మెరయును, దొరకును. తివాచీపై పడిన సూది చప్పుడు చేయదు. నిలువుగా దిగినచో కనబడదు. చెప్పులు వాకిట విడిచి వచ్చు తెలుగింటిలో దానిని మొదట కనుగొనునది పాదము. పాతకాలపు దర్జీలు దారము లేని సూదిని చేతినుండి క్రింద పెట్టనిచ్చెడివారు కారు. పని ఆపినను జానెడు దారము సూదికుండవలెను. దారము తోకగా నున్న సూదిని కన్ను పట్టును, చేయి పట్టును. పోగు మేలు చేయు సందర్భమిది ఒక్కటి. అయస్కాంతపు ముక్కను కఱ్ఱకు కట్టి దినమునకొకసారి తివాచీపై త్రిప్పుట మరింత మేలు. పాఠశాలలో అయస్కాంత పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఈ ఉపయోగమును చూపినచో ఇనుపరజను చిత్రములకంటె పిల్లలకది బాగుగ గుర్తుండును. జరీ తునకలు మాత్రము దీనికి లొంగవు. రాగి, వెండి పూతల తీగకు అయస్కాంతముతో పనిలేదు. వానిని చేతితోనే ఏరవలెను.

ఇక పోగులను తీయు ఉపాయములు. అన్నిటికంటె ముఖ్యమైనది తీయుట కాదు, పడనీయకుండుట. మిషను బల్ల అంచున ఒక గుడ్డసంచిని, నోరు తెరచియుండునట్లు, కుడిచేతికి అందునంత దూరమున వ్రేలాడగట్టవలెను. కత్తెర వేసిన చేయి నేరుగా సంచిలోనికి పోవలెను. సంచి నోరు జానెడు దూరము జరిగినచో చేయి మరచిపోవును; అలసిన చేతికి దగ్గరిదే దారి. దుకాణములలో పని నేర్వ వచ్చిన కుఱ్ఱవానికి మొదట కాజాలు, గుండీలు ఇచ్చి, తరువాత కుట్టిన బట్టలపై మిగిలిన కొసలు కత్తిరించు పని యిచ్చెడివారు. ఆ కుఱ్ఱవాడు కూర్చుండుచోటే పోగులన్నియు రాలును. గదియంతయు తిరుగుచు కత్తిరించుట, అచ్చటచ్చట నిలుచుండి కత్తిరించుట మాన్పించి, ఒకచోట పాత దుప్పటి పరచి దానిపైననే ఆ పని జరిపించినచో సగము బాధ తీరును.

మిషను క్రిందను అట్లే. తివాచీపై ఒక పాత నూలుచీరను నాలుగు మడతలుగా పరచి, మిషనును, కూర్చుండు పీటను దానిపై నుంచవలెను. పని ముగిసిన తరువాత నాలుగు చెరగులు పట్టి మూటగా ఎత్తి పెరటిలో దులుపుట. పట్టుచీర పనికిరాదు, జారును. నేసిన నూలుబట్ట పోగును తగుమాత్రము పట్టును, దులిపినప్పుడు విడుచును. పూర్వము దర్జీలు నేలపై కూర్చుండి చేతితో కుట్టునప్పుడు ఒడిలోను, క్రిందను ఒక దుప్పటి పరచుకొనుట వాడుక. ఆ దుప్పటి బట్టకు మట్టి అంటకుండుటకును, మట్టికి పోగు అంటకుండుటకును పనికివచ్చెడిది. బల్లమిషను వచ్చి దర్జీ కుర్చీ ఎక్కిన తరువాత దుప్పటి మరుగున పడినది. కుర్చీతోపాటు పోగు పడు ఎత్తు పెరిగినది. పడు చోటు విశాలమైనది.

అప్పటికిని తివాచీలో దిగిన పోగులకు చీపురు వలదు. కొబ్బరిచీపురు పుల్ల ఉన్నిని లేపును గాని పోగును తీయదు. రబ్బరు చేతితొడుగు వేసికొని, కొంచెము తడిచేసి, ఒకే వైపునకు చిన్నచిన్న వేటులుగా రాచినచో పోగులు త్రాటివలె చుట్టుకొని పైకి వచ్చును. రబ్బరు పట్టు, తడి బరువు రెండును కలిసి చేయు పని యిది. అటునిటు రాచరాదు, వచ్చినది మరల దిగును. తలదువ్వు వెడల్పు పండ్ల దువ్వెన మూలలకును, గోడ అంచులకును మేలు.

వాక్యూం క్లీనరు కలవారు దానినే నమ్ముకొందురు. దాని కథయు తివాచీదే. ఒహాయో రాష్ట్రపు కాంటన్ పట్టణములో ఒక దుకాణమును ఊడ్చు పనివాడు జేమ్స్ మరే స్పాంగ్లర్. ఉబ్బసరోగి. తివాచీ దుమ్ము తన దగ్గును పెంచుచున్నదని గ్రహించి, విద్యుత్ విసనకఱ్ఱ, తిరుగుడు బ్రష్షు, దుమ్ము పట్టుటకు ఒక దిండుగలీబు చేర్చి యంత్రము కల్పించెను. 1908లో దానికి పేటెంటు లభించెను. ఆ హక్కులు కొన్నవారి పేరు హూవరు. లోకమునకు హూవరు తెలియును, ఊడ్చినవాడు తెలియడు. ఆ యంత్రము దుమ్మునకు కల్పించినది గాని దారమునకు కాదు. పొడవైన పోగు తిరుగుడు బ్రష్షుకు కదురుపై నూలువలె చుట్టుకొనును. బ్రష్షు బిగిసి, లోపలి పట్టీ వేడెక్కి కమురు వాసన వచ్చును. కనుక ముందు చేతితో పొడవు పోగులు తీసి, తరువాత యంత్రము నడుపవలెను. చుట్టుకొన్నచో, మొదట విద్యుత్తు తీగను ఊడదీసి, కుట్లు విప్పు చిన్న కత్తితో బ్రష్షు పొడవున ఒక గీత కోసినచో పోగులన్నియు ఒలిచిన తొక్కవలె వచ్చును.

నేలపై మిగిలిన పోగు నేలపైననే యుండదు. కుట్టి మడిచిన బట్ట మీదికెక్కును. ఎఱ్ఱని పట్టురవికెపై తెల్లపోగు పెండ్లి పందిటిలో ఎంత దూరమునకైన కనబడును. ఈ ప్రాంతము దుస్తుల చూపు తెలిసిన ప్రాంతము. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాస సభ నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావును చూచి చీరకట్టును మెచ్చుకొన్న ఊళ్ళివి. సూత్రధారుడన్న మాటలోనే దారమున్నది గదా. ఆ దారము వేదికపై పాత్రల నడుమ నుండవలెను గాని, సత్యభామ పమిట చెంగున వ్రేలాడరాదు.

ఏరిన పోగులనేమి చేయవలెను? నూలుదారపు నాడు ఈ ప్రశ్న లేదు. మట్టిలో పడిన నూలు మట్టియగును. మరమగ్గముల, మిల్లుల నూలువ్యర్థము నేటికిని మోటారు మరమ్మతు దుకాణములలో నూనె తుడుచుటకు పోవుచున్నది. కాని కుట్టుదారము నేడు చాలవరకు పాలియెస్టరు. అది తెగదు, చివుకదు. ఆ గుణము వలననే దర్జీలు దానిని కోరిరి. ఆ గుణము వలననే అది పెరటిలో ఏండ్లతరబడి నిలుచును. మురుగుకాలువ నోట చిక్కి చెత్తను పట్టి నిలుపును. తెనాలి వంటి కాలువల ఊరిలో ఇది చిన్న విషయము కాదు. దారపు కొసలను, పేలికలను సంచిలో దట్టించి పిల్లలకు కూర్చుండు దిండ్లు చేయు ఇండ్లున్నవి. తెనాలిలో ఇనుపతుక్కుతో నిలువెత్తు విగ్రహములు చేయు శిల్పులున్నప్పుడు, దారపు తుక్కుతో దిండు చేయుట ఎంత పని? పక్షులకు గూటికి పనికివచ్చునని కొందరు దయతో పోగులను చెట్టుకొమ్మలపై వేయుదురు. ఆకులను కుట్టి గూడు చేయు దర్జీపిట్ట తన పీచును, సాలెగూటి పట్టును తానే తెచ్చుకొనును. మనిషి వేసిన పొడవైన తెగని దారము దాని పిల్లల కాళ్ళకు చుట్టుకొని సంకెల యగును. ఆ దయను మానుట మేలు.

"ఇల్లు చూచి ఇల్లాలిని చూడుము" అను సామెత ఒకటి వాడుకలో నున్నది. ఇల్లు నివాసము మాత్రమే యైన నాటి మాట యది. ఇల్లే కర్మాగారమైనచోట ఆ సామెత అన్యాయము. కర్మాగారములో నేల ఊడ్చుటకు వేరొకరుందురు, వారికి జీతముండును. ముందుగదిలో కుట్టు స్త్రీ కత్తిరించును, కుట్టును, కాజాలు వేయును, ఊడ్చును. కూలి మాత్రము కుట్టినదానికి. రవికె కూలి బేరమాడువారు గుడ్డను, లైనింగును, హుక్కులను, డిజైనును లెక్కింతురు. 60 కొసలను ఏరిన కాలము ఏ లెక్కలోను చేరదు. మగ్గము వర్కు గదిలో తివాచీ నుండి పూసలను, జరీ తునకలను ఏరుటకు పట్టు సమయమునకు కూలి యిచ్చు దుకాణములు అరుదు. పనిపిల్లలకు అది "చివరి పని" యన్న పేరుతో ఊరక వచ్చును. కూలి నిర్ణయించునప్పుడు ఈ అరగంటను చేర్చుమని అడుగుట తప్పు కాదు. దుకాణము తివాచీ పరచినది గిరాకీ కొరకు; దానిని శుభ్రపరచు ఖర్చు గూడ గిరాకీ ఖర్చే.

ముందుగది తప్ప వేరు గది లేని ఇండ్లలో వేరొక ఇబ్బంది. బడులు తెరచు వారమున మిషను ఆగుటకు రాత్రి పదిగంటలు దాటును. అప్పటికి పిల్లలు అదే గదిలో, మిషనుకు రెండు మూరల దూరమున, చాపపైననో జంపఖానాపైననో నిద్రించుచుందురు. దీపము పెద్దది చేసినచో లేతురు. చీపురు చప్పుడైనను లేతురు. ఆ తల్లి మిషనుపై గుడ్డ కప్పి, సూదిని లెక్కపెట్టి డబ్బాలో వేసి, పసివాని కాలివ్రేళ్ళను ఒకసారి తడిమి చూచి, ఊడ్చు పనిని తెల్లవారుజామునకు వదలును.